ఊసుపోక పని

గోదావరి డెల్టా పల్లెల్లో మధ్యాహ్నం ఒంటిగంటకీ నాలుగింటికీ మధ్య ఒక పూట ఉంటుంది. దానికి ప్రత్యేకంగా పేరేమీ లేదు. భోజనాలయ్యాయి, అంట్లు పెరట్లో బోర్లించారు, మగవాళ్లు నడుం వాల్చారు, పిల్లలింకా బడి నుంచి రాలేదు, సాయంత్రం పాలు తియ్యడానికి వేళ కాలేదు. ఆ పూట దొడ్డి గుమ్మంలోంచి ఒకావిడ పక్కింటికి వెళుతుంది. చేతిలో చిన్న సంచీ. అందులో తెల్లదారపు కండె, కొక్కెం సూది, సగం అల్లిన పువ్వు. "ఏం చేస్తున్నావొదినా?" అంటే, "ఏముంది, ఊసుపోక" అంటుంది.

ఆ జవాబు దగ్గర కాసేపు ఆగాలి. వంటలో ఒకరికొకరు సాయం పట్టడం, దారం అల్లుకోవడం, నలుగురూ చేరి కబుర్లాడుకోవడం, ఈ మూడూ డెల్టా ఆడవాళ్లకి ఏళ్ల తరబడి రోజువారీ సంతోషాలు. మూడింటికీ వాళ్లు చెప్పే కారణం ఒకటే, ఊసుపోక. అబద్ధం కాదు. ఆ పనుల్లో సుఖం ఉంది, చేసినవాళ్లకి తెలుసు. కాకపోతే అదే మాట మీద వందేళ్లకు పైగా లేసు ఎగుమతి వ్యాపారం నడిచింది. "తీరిక వేళల్లో చేసేదే కదా" అన్న ఒక్క ముక్కతో కూలి చవగ్గా తేలిపోయింది.

కొక్కెం సూది ఎందుకు నిలిచింది

అల్లిక అనగానే చాలామందికి ఊలు, రెండు పొడుగు సూదులు గుర్తొస్తాయి. డెల్టాలో ఊలుతో పెద్ద పని లేదు. ధనుర్మాసపు మంచుకి ఒక దుప్పటీ, పెద్దాయన నెత్తిన ఒక మంకీ క్యాపూ చాలు. ఊలు అల్లిక ఇక్కడ కుట్ల టీచరు నేర్పిన పాఠంగా కొంత, పురిటి బిడ్డకి అల్లే టోపీ మేజోళ్లుగా కొంత బతికింది. (ఉక్కపోతలో చెమట కారిపోతున్న పసిగుడ్డుకి ఊలు టోపీ ఏమిటో గాని, పెట్టకపోతే అమ్మమ్మలు ఊరుకోరు.) నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో వేళ్లకి పట్టుబడింది నూలు దారంతో, ఒకే ఒక కొక్కెం సూదితో చేసే క్రోషా లేసు.

ఇందులో వాతావరణం వాటా సగమే. మిగతా సగం కుట్టులో ఉంది. రెండు సూదుల అల్లికలో వరసలో ఉన్న కుట్లన్నీ ఒకేసారి సూది మీద తెరుచుకుని ఉంటాయి. వంద కుట్ల వరసైతే వందా. సూది జారిందా, నిచ్చెన మెట్లు విరిగినట్టు ఒకదాని వెంట ఒకటి కిందదాకా ఊడొస్తాయి. క్రోషాలో ఎంత పెద్ద గుడ్డ అల్లుతున్నా, ఏ క్షణంలో చూసినా తెరుచుకుని ఉండేది కొక్కేనికి తగిలిన ఆ ఒక్క ఉంగరమే. దాని వెనకవన్నీ బిగిసిపోయి ఉంటాయి. ఆ ఉంగరాన్ని కాస్త పొడుగ్గా లాగి వదిలేసి లేచిపోవచ్చు. పాలు పొంగొచ్చినా, దూడ కట్టు విప్పుకున్నా, మావగారు మంచినీళ్లడిగినా లేచి వెళ్లి, అరగంట తర్వాత వచ్చి వదిలిన చోటే అందుకోవచ్చు. పగలంతా పదిసార్లు లేవాల్సిన మనిషికి ఇంతకంటే నప్పే చేతిపని కనిపెట్టడం కష్టం.

రెండో సంగతి, కళ్లకి పని తక్కువ. గొలుసు కుట్లు ఎన్ని వెయ్యాలో, ఎక్కడ తిప్పాలో వారం రోజుల్లో వేళ్లే కంఠతా పట్టేస్తాయి. కళ్లు ఎదురుగా కూచున్న మనిషి మీద ఉంటాయి, నోరు ఖాళీగా ఉంటుంది. కుట్టుమిషనైతే మోత, గోడవైపు తిరిగి కూచోవాలి. చదువుకైతే మౌనం కావాలి. క్రోషా సూది నలుగురున్న చోటే బాగా నడుస్తుంది.

ఇంకొకటి కూడా కలిసొచ్చి ఉండాలి. పొద్దున్నే వాకిట్లో చుక్కలు లెక్కపెట్టి, మధ్యచుక్క పట్టుకుని మెలికల ముగ్గు తిప్పే చెయ్యికి లేసు పువ్వు లెక్క కొత్తేమీ కాదు. నమూనా కాయితం చదవడం రాని ఆవిడ కూడా అల్లిన పువ్వుని ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసి దించేస్తుంది. వంటింటిలోనూ ఇలాంటి అల్లికలు ముందునుంచీ ఉన్నాయి. అంబాజీపేట వైపు పొట్టిక్కల కోసం నాలుగు పనసాకుల్ని కొబ్బరి ఈనెలతో బుట్టలా కుడతారు. ఆ బుట్టలో మినప్పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. పిండి కారకుండా ఆకు మడిచి ఈనె గుచ్చడం చెయ్యి తిరిగితే గాని రాదు. విస్తళ్లు కుట్టడమూ అంతే. దూరదేశం నుంచి వచ్చిన సూదిని అందుకున్నవి అప్పటికే ఆరితేరిన వేళ్లు.

ఆనకట్ట, లేసు, ఇంటి గడప

ఆ సూది ఎలా వచ్చిందంటే, స్కాట్లాండు నుంచి వచ్చిన మాక్రే అనే మిషనరీ దంపతులు 1844లో ఇక్కడి ఆడవాళ్లకి నేర్పారని నరసాపురంలో చెప్పుకుంటారు. మొదట నేర్చుకున్నది పేద క్రైస్తవ కుటుంబాల స్త్రీలు. తర్వాత తర్వాత కాపుల ఇళ్లలోకీ, ఘోషా పాటించే ఇళ్లలోకీ పాకింది. ఇంచుమించు ఆ రోజుల్లోనే ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. కరువులతోనూ తుపానులతోనూ చితికిన నేల కాలవల నీళ్లతో వరి నేల అయింది.

ఈ రెండు సంగతుల్నీ కలిపి చూస్తే ఒకటి తెలుస్తుంది. నీళ్లొచ్చాక చేతిలో నాలుగు రూపాయలు మిగిలిన ఇల్లు మొట్టమొదట చేసే పనుల్లో ఒకటి, ఇంటి ఆడవాళ్లని చేలోకి పంపడం మానేయడం. ఊడుపులకీ కలుపుకీ వెళ్లకపోవడమే పరువు. అలా గడప లోపలికి చేరిన మనిషికి పొద్దు గడవాలి, చేతిఖర్చుకి నాలుగు డబ్బులు కావాలి, పరువు మాత్రం పోకూడదు. లేసు మూడింటికీ సరిపోయింది. బయటికెళ్లి చేస్తే కూలి, ఇంట్లో కూచుని చేస్తే కాలక్షేపం. చేతులు అవే.

జర్మనీకి చెందిన సామాజికశాస్త్రవేత్త మారియా మీస్ ఇక్కడి లేసు స్త్రీల మీద చేసిన అధ్యయనం 1982లో పుస్తకంగా వచ్చింది. దాని పేరే 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్'. ప్రపంచ మార్కెట్టుకి సరుకు తయారుచేస్తున్న వీళ్లని వ్యాపారులూ, సర్కారూ, ఇంట్లో మగవాళ్లూ, చివరికి తమకు తాముగా వీళ్లూ "గృహిణులు" అనే అనుకోవడం వల్లనే కూలి అంత నేలబారుగా ఉండగలిగిందన్నది ఆమె వాదన. ఆ మాటకి వయసు మళ్లింది గాని పదును తగ్గలేదు.

లేసు పని ముక్కలుముక్కలుగా సాగుతుంది. ఒకరు పువ్వులు మాత్రమే అల్లుతారు, అది చేతిపని. ఆ పువ్వుల్ని ఒకటిగా చేర్చేది ఇంకొకరు, అది అతుకుపని. దారం ఏజెంటు ఇస్తాడు. దారం కట్టకి ఇంత అనో, డజను పువ్వులకి ఇంత అనో లెక్క, ఎన్ని గంటలు కూచున్నారన్న ప్రశ్నే రాదు. పువ్వు అల్లినావిడకి అది చివరికి బల్లమీద గుడ్డ అవుతుందో, కిటికీ తెర అవుతుందో, దిండు గలీబు అవుతుందో తెలియదు. ఓడెక్కి ఏ దేశం పోతుందో అంతకన్నా తెలియదు.

మరి యంత్రం వచ్చి ఈ పనిని ఎందుకు మింగెయ్యలేదు? యంత్రపు లేసు వచ్చింది, చవగ్గా వచ్చింది, మార్కెట్టులో పెద్ద దెబ్బే కొట్టింది. కాని క్రోషా కుట్టుని అచ్చంగా క్రోషాలా వేసే యంత్రం ఇంతవరకూ లేదు. కొక్కెం ఎప్పుడు ఎటునుంచి దూరాలో ప్రతి కుట్టుకీ మారుతూ ఉంటుంది, అక్కడే యంత్రం తెల్లబోతుంది. యంత్రం నుంచి వచ్చేవి చూపుకి క్రోషాలా ఉండే వేరే అల్లికలు. అంటే ప్రపంచంలో ఎక్కడ నిజమైన క్రోషా గుడ్డ కనబడినా దాని వెనక ఎవరో ఒక మనిషి కూచున్న గంటలున్నాయి. ఆ గంటల్ని లెక్కలోంచి తీసెయ్యడానికే "ఊసుపోక" అన్న మాట అంత బాగా పనికొచ్చింది.

ఆనందం బూటకం, లోపలున్నది దోపిడీ అని ఇక్కడితో తేల్చెయ్యడం సులువు. అలా తేల్చడం అల్లేవాళ్ల మాట వినకపోవడమే అవుతుంది. ఏజెంటు సరుకు గడువులోగా ఇవ్వాలని దీపం కింద కళ్లు కాయలు కాసేలా అల్లిన ఆవిడే, అది అయిపోయిన మర్నాడు చెల్లెలి కూతురి గౌనుకి అంచు అల్లడానికి అదే సూది పట్టుకుంటుంది. అదే దారం, అవే కుట్లు. రెండోదాంట్లో ఆవిడ నచ్చిన చోట ఒక రేకు ఎక్కువ వేస్తుంది, నచ్చకపోతే విప్పేస్తుంది. విప్పెయ్యగలగడం చిన్న సుఖం కాదు. డజనుకి ఇంత అన్న లెక్కలో విప్పితే నష్టం.

పాకం ఆగదు

వంటలోకి వస్తే, గోదావరి వంట అనగానే పులస ఎత్తుకోవడం ఆనవాయితీ. వరదనీటికి ఎదురీదుకొచ్చే ఆ చేప మీద పుస్తెలమ్మే సామెత సహా చెప్పాల్సినవన్నీ ఎప్పుడో చెప్పేశారు. ఏడాదికి ఒకసారి వేలు పోసి కొనేదాన్ని రోజువారీ సంతోషం అనలేం. రోజువారీది కంద బచ్చలికి చివర్లో ఆవపెట్టు కలిపినప్పుడు ముక్కుకి తగిలే ఘాటులో ఉంది, కుంపటి సన్నసెగ మీద అడుగు మాడి కరకరలాడే దిబ్బరొట్టెలో ఉంది, పనసపొట్టు కూరలో ఉంది. పనసపొట్టు మాట వచ్చింది కాబట్టి, పచ్చి పనసకాయని పొట్టుగా కొట్టడం ఒక్కరు విసుగు లేకుండా చెయ్యగల పని కాదు. చేతులకి నూనె రాసుకోవాలి, జిగురు తుడవాలి, కత్తి ఆడుతూనే ఉండాలి. ఇప్పుడు బజార్లో కొట్టిన పొట్టు పొట్లాల్లో దొరుకుతుంది. మంచిదే. కూర రుచి పెద్దగా మారలేదు, కొట్టేటప్పటి కబుర్లే పోయాయి.

కొన్ని వంటలు నలుగురు లేకపోతే కుదరవు. సరదాకి చెప్పే మాట కాదిది. అరిసెలే తీసుకుంటే, బియ్యం నానబెట్టి, వడేసి, తడి ఆరకముందే దంచి జల్లించాలి. పిండి ఎండిపోతే పాకం పీల్చదు. అటు పొయ్యి మీద బెల్లం పాకం ఉడుకుతుంటుంది. పళ్లెంలో నీళ్లు పోసి అందులో ఒక చుక్క వేసి, వేళ్లతో ఉండ చేసి చూస్తారు. ఉండ నిలవకపోతే లేతపాకం, అరిసె నూనెలో విడిపోతుంది. గట్టిపడిపోతే ముదురుపాకం, అరిసె పళ్లకి పరీక్ష పెడుతుంది. ఈ రెంటి మధ్యా ఉన్నది నిమిషమో, అరనిమిషమో. ఆ అరనిమిషంలో ఒకరు పిండి పొయ్యాలి, ఇంకొకరు తెడ్డుతో ఉండకట్టకుండా తిప్పాలి. చలిమిడి అయ్యాక కూడా ఒకరు అరటాకు మీద వత్తితే, ఒకరు కాల్చాలి, మూడోవారు రెండు చెక్కల మధ్య నూనె నొక్కాలి. ఒంటరిగా దిగినావిడకి చెయ్యి చాలదు. అందుకే సంక్రాంతి ముందు "పిన్నిగారూ, మా పాకం ఒకసారి చూసిపెడుదురూ" అన్న పిలుపు ఇంటింటికీ వినిపిస్తుంది. ఇవాళ మీ ఇంట్లో, రేపు మా ఇంట్లో. ఎవరెవరికి ఎన్ని పూటలు బాకీయో ఏ పుస్తకంలోనూ రాయరు గాని, అందరికీ గుర్తే.

వేసవిలో ఆవకాయ కూడా అంతే. డెల్టా పంచాంగం ఇక్కడ కలిసొస్తుంది. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలయ్యాక, అటూఇటూగా ఏప్రిల్ రెండో సగం నుంచి జూన్ మొదటి దాకా కాలవలకి నీళ్లు కట్టేస్తారు. చేలో పని లేదు, ఎండ మండిపోతోంది, మామిడికాయ ముదిరింది. ముక్కలు కొట్టడం బజార్లోనే అయిపోయినా, జీడి తీసి, లోపలి పొర గీకి, ఒక్కో ముక్కనీ పొడిగుడ్డతో తుడవడానికి చేతులు కావాలి. తడి తగిలితే జాడీ అంతా బూజు. వంద కాయలంటే ఎన్ని వందల ముక్కలో లెక్క వేసుకోవచ్చు. ఈ తుడుపు పనికి నైపుణ్యం అక్కర్లేదు, ఓపిక కావాలి. నలుగురు కూచుంటే ఆ ఓపిక దానంతట అదే వస్తుంది. కొత్తల్లుడి జీతం, ఎవరింటి కోడలు ఎవరింటి మీంచి పోతూ పలకరించలేదు, కాలవలు మళ్లీ ఎప్పుడొదులుతారు, అన్నీ ఆ ముక్కలతో పాటు తుడుచుకుపోతాయి. చివర్న జాడీకి ఎత్తగా బేసిన్లో అంటుకున్న గుజ్జులో వేడన్నం వేసి కలిపి, తలో ముద్దా చేతిలో పెడతారు. మూడో రోజు తిరగేసినప్పుడూ ఆవకాయ బాగుంటుంది, నెల తర్వాత ఇంకా బాగుంటుంది. ఆ మొదటి ముద్ద అసలు ఊరనే ఊరలేదు, పచ్చి కారం, పచ్చి ఆవ. అయినా దాన్ని వదులుకునేవాళ్లని చూపించడం కష్టం.

లేసుకి జరిగినదే వంటకీ జరగడం ఆత్రేయపురంలో కనబడుతుంది. పూతరేకు ఒకప్పుడు ఇంటి పనితనం. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డని కాలిన కుండ మీద ఒక్క ఊపులో లాగితే, కన్ను మూసి తెరిచేలోగా కాగితం కన్నా పల్చని రేకు. ఇప్పుడది ఊరంతటికీ జీవనం. రేకులు తీసేది ఒకరు, నెయ్యీ పంచదారా చల్లి చుట్టేది ఇంకొకరు. చేతిపని, అతుకుపని అన్న విభజనే పేరు మార్చుకుని వచ్చింది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకీ, 2024లో నరసాపురం క్రోషా లేసుకీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరుకి రక్షణ దొరికింది. సెగ ముందు కూచున్నావిడ రేటు ఆ కాయితంలో ఉండదు, ఉండాలన్న నియమమూ లేదు.

దొడ్డి గుమ్మం

స్నేహం గురించి వేరే చెప్పాలా అనిపిస్తుంది, ఇప్పటిదాకా చెప్పిందంతా దాని గురించే కనుక. ఒక్క సంగతి మిగిలింది. మగవాడికి స్నేహితుడంటే ఒక గుర్తింపు, కాలవగట్టు మీద ఒక టీకొట్టు, అక్కడ ఒక బల్ల. పెళ్లయి వేరే ఊరొచ్చిన ఆడపిల్లకి చిన్ననాటి స్నేహితురాళ్లు తలోవైపూ పోయారు. కొత్త ఊళ్లో స్నేహం కోసమే ఒకరింటికి వెళ్తానంటే అత్తగారి కనుబొమ్మ లేస్తుంది. పని మీద వెళ్తానంటే లేవదు. పంచాంగం కొంత సాయపడింది. ఆశ్వయుజ బహుళ తదియనాడు అట్లతద్ది కాబట్టి తెల్లవారకముందే లేచి చద్దన్నం తిని ఉయ్యాలలూగొచ్చు, కార్తీకం కాబట్టి వనసమారాధనకి ఒకే బండిలో పోవచ్చు. మిగతా మూడొందల చిల్లర రోజులకీ చేతిలో ఏదో ఒకటి ఉండాలి. చేటలో బియ్యమో, లేసు సంచీయో, అప్పు తెచ్చుకున్న గిన్నె తిరిగిచ్చే వంకో. (ఆ గిన్నె ఖాళీగా తిరిగిరాదు, అది వేరే మర్యాద.)

ఇలా చూస్తే "ఊసుపోక" అన్నది ఏజెంటు ఒక్కడికే పనికొచ్చిన మాట కాదు. అల్లేవాళ్లూ దాన్ని వాడుకున్నారు. సంపాదన అంటే ఇంట్లో మగవాడి పరువుకి దెబ్బ, స్నేహం అంటే పనిలేనితనం. ఊసుపోక అంటే ఎవరూ అడ్డు చెప్పరు.

ఆ పూట ఇప్పుడు సన్నబడిపోతోంది. పెంకుటిళ్లూ, మండువా లోగిళ్లూ పోయి శ్లాబు ఇళ్లు వచ్చాక వీధరుగుల స్థానంలో గ్రిల్లు వచ్చింది, దొడ్డి గుమ్మాల మధ్య ప్రహరీ లేచింది. నరసాపురం పక్కన సీతారామపురంలో లేసు పార్కు పెట్టాక, డ్వాక్రా సంఘాలు వచ్చాక కొంతమందికి ఏజెంటు దాటి కొనేవాళ్లు కనబడ్డారు. గదిలో, ఫ్యాను కింద, హాజరు వేసుకుని అల్లే పనిని కాలక్షేపం అనడం ఎవరికైనా కష్టం. అది మంచి మార్పే. అదే సమయంలో రొయ్యల షెడ్డుకి వెళితే చేతికొచ్చే కూలి లేసు కన్నా నయం అని చాలా ఇళ్ల పిల్లలు సూది ముట్టుకోవడం లేదు. వాళ్లని తప్పుపట్టడానికి ఏమీ లేదు. "ఈ కళ చచ్చిపోతోంది" అని బాధపడేవాళ్లలో డజను పువ్వులకి ఎంతిస్తారో తెలిసినవాళ్లు తక్కువ.

అల్లేవాళ్ల ఇళ్లలో లేసు ఎక్కడుందని వెతికితే చిత్రంగా ఉంటుంది. బీరువా అట్టడుగున ఒక దిండు గలీబు, పెళ్లినాటిది. ఒకప్పుడు టీవీకి, రేడియోకి లేసు గౌన్లు ఉండేవి. గోడకి అంటుకునే టీవీ వచ్చాక దానికి గౌను తొడగడం కుదరలేదు. ఎవరో మనవరాలు సెల్‌ఫోనుకి సంచీ అల్లించుకుంది. వంటింట్లో ఆవకాయ జాడీ ఉంది. లేసుకి చిల్లులు, చీమలాగుతాయా? జాడీకి వాసెన కట్టేది ఇప్పటికీ పాత పంచె ముక్కతోనే.